నక్షత్రం గుర్తు చెప్పేదెంత? విద్యా పరిశోధనలో సహసంబంధం, సార్థకత, ప్రయోగ రూపకల్పన

(హైదరాబాదులో ఎం.ఎడ్., పీహెచ్‌.డి. విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

మన విద్యాశాస్త్ర విభాగాలకు ఏటా వచ్చే సిద్ధాంత వ్యాసాల్లో ఒక రకం తరచుగా కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి చదివే మూడు వందల మంది పిల్లలకు అధ్యయన అలవాట్ల మీద ఒక ప్రశ్నావళి ఇస్తారు. వారి వార్షిక పరీక్ష మార్కులను బడి రిజిస్టరు నుంచి ఎత్తి రాసుకుంటారు. రెండింటి మధ్య సహసంబంధ గుణకం, అంటే రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో మైనస్ 1 నుంచి ప్లస్ 1 లోపు చెప్పే అంకె, లెక్కిస్తారు. అది 0.24 వచ్చిందనుకుందాం. పట్టికలో ఆ అంకె పక్కన రెండు నక్షత్రం గుర్తులు పడతాయి, అడుగున ‘0.01 స్థాయి వద్ద సార్థకం’ అని ఉంటుంది. ఇంతవరకు లెక్కలో తప్పేమీ లేదు. అయిదో అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం, పిల్లల్లో మంచి అధ్యయన అలవాట్లు పెంపొందిస్తే వారి విద్యా సాధన పెరుగుతుందనీ, ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ అందుకు కృషి చేయాలనీ ఒక సూచన కనిపిస్తుంది. ఆ పట్టికకూ ఈ సూచనకూ మధ్య ఉన్న దూరం గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. ఆ దూరాన్ని గణాంక సూత్రాలు దాటించలేవు. దత్తాంశం (సేకరించిన అంకెలు) చేతికి రాకముందే, ఎవరికి ఏది అందాలో ఎవరు నిర్ణయించారు, ఎలా నిర్ణయించారు అన్నదాన్ని బట్టి అది దాటగలిగేదో కాదో తేలిపోతుంది.

ముందు సార్థకత సంగతి చూద్దాం. మన పిల్లలను ఏ జనాభా నుంచి తీసుకున్నామో ఆ జనాభాలో అలవాట్లకూ మార్కులకూ ఏ సంబంధమూ లేదనుకోండి. అయినా అందులోంచి మూడు వందల మందిని యాదృచ్ఛికంగా తీసి లెక్కిస్తే గుణకం సరిగ్గా సున్నా రాదు. ఒకసారి 0.04 వస్తుంది, ఇంకోసారి మైనస్ 0.07 వస్తుంది. ఇలా కేవలం ఎంపికలోని కాకతాళీయత వల్లనే మనకు వచ్చినంత, లేదా అంతకన్నా పెద్ద గుణకం ఎంత అరుదుగా రాగలదో చెప్పేది పి విలువ. అది ముందుగా పెట్టుకున్న హద్దు (0.05 లేదా 0.01) కన్నా తక్కువైతే ఫలితాన్ని ఆ స్థాయి వద్ద సార్థకం అంటాం. పి విలువ 0.03 అయితే శూన్య పరికల్పన (అసలు సంబంధమే లేదన్న ఊహ) నిజమయ్యే అవకాశం నూటికి మూడు అని అర్థం కాదు. మన పరికల్పన నిజమయ్యే అవకాశం నూటికి తొంభై ఏడు అని అంతకన్నా కాదు. మౌఖిక పరీక్షల్లో ఈ రెండు జవాబులే ఎక్కువగా వినిపిస్తాయి, కొన్నిసార్లు బల్లకు అవతలి వైపు నుంచి కూడా. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి విలువల మీద ఒక ప్రకటన విడుదల చేసి, పరికల్పన నిజమయ్యే సంభావ్యతను గానీ ప్రభావం పరిమాణాన్ని గానీ పి విలువ కొలవదని చెప్పవలసి వచ్చిందంటే, ఈ అపోహ మన ఒక్కరిదే కాదన్న మాట.

పరిమాణం సంగతి అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. 0.05 స్థాయి వద్ద, రెండు వైపుల పరీక్షలో (సంబంధం ప్లస్ అయినా మైనస్ అయినా లెక్కలోకి తీసుకునేది), పది మంది పిల్లలుంటే గుణకం 0.632 దాటితేనే సార్థకం. ముప్పై మంది ఉంటే 0.361 చాలు. వంద మందికి దాదాపు 0.197, నాలుగు వందల మందికి 0.098, వెయ్యి మందికి 0.062. అంటే 0.10 అన్న గుణకం వంద మందిలో లెక్కకు రాదు, నాలుగు వందల మందిలో నక్షత్రం తెచ్చుకుంటుంది. ఆ సంబంధం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. 0.10 వర్గం 0.01, అంటే మార్కుల్లోని వైవిధ్యంలో నూటికి ఒక వంతు మాత్రమే అలవాట్ల వైవిధ్యంతో కలిసి నడుస్తోంది. మిగిలిన తొంభై తొమ్మిది వంతులు ఇంకెక్కడో ఉన్నాయి. నక్షత్రం గుర్తు చాలావరకు పరిశోధకుడు ఎన్ని బడులు తిరిగాడో చెబుతుంది.

చిన్న నమూనాల్లో ఇబ్బంది మరో వైపు నుంచి వస్తుంది. ముప్పై మంది పిల్లల్లో గుణకం 0.40 వచ్చి సార్థకమైందనుకుందాం. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చూపిన రూపాంతరం ద్వారా 95 శాతం విశ్వాస అంతరం, అంటే ఈ దత్తాంశంతో పొసగే గుణకాల పరిధి, లెక్కిస్తే అది సుమారు 0.05 నుంచి 0.66 వరకు పోతుంది. దాదాపు ఏ సంబంధమూ లేదన్న నిర్ణయం దగ్గర నుంచి చాలా బలమైన సంబంధం ఉందన్న నిర్ణయం దాకా ఈ దత్తాంశం దేన్నీ కాదనడం లేదు. పట్టికలో ఒక్క 0.40 మాత్రమే రాసి నక్షత్రం పెడితే ఈ విషయం పాఠకుడికి తెలిసే దారి లేదు. అందుకే గుణకం పక్కన పి విలువ రాసినా రాయకపోయినా విశ్వాస అంతరం తప్పక రాయండి. అది రాయడానికి అయ్యే శ్రమ ఒక వరుస మాత్రమే.

0.05 అన్న గీత ఎక్కడి నుంచి వచ్చిందని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. రోనాల్డ్ ఫిషర్ 1925లో పరిశోధకుల కోసం రాసిన గణాంక గ్రంథంలో ఆ బిందువును హద్దుగా తీసుకోవడం అనుకూలంగా ఉంటుందన్నారు. అంతకుమించిన పవిత్రత దానికి లేదు. దాన్ని గుడ్డిగా వాడితే ఏమవుతుందో చూడండి. ఒక విద్యార్థి పది చరాలు తీసుకుంటాడు: ఆత్మగౌరవం, పరీక్షల ఆందోళన, తల్లిదండ్రుల ప్రోత్సాహం, సెల్‌ఫోన్ వాడకం, ఇలా. పది చరాల మధ్య నలభై అయిదు జంటలుంటాయి. వాటిలో దేనికీ నిజమైన సంబంధం లేకపోయినా, సగటున రెండు జంటలకు పైగా 0.05 వద్ద సార్థకంగా తేలతాయి. ఆ రెండింటిని ఏరి, వాటి చుట్టూ సమీక్ష అధ్యాయాన్ని తిరగరాసి, పరికల్పన మొదటి నుంచీ అదేనన్నట్టు సమర్పించే పద్ధతికి మన దగ్గర గౌరవప్రదమైన పేర్లు చాలానే ఉన్నాయి.

ఇంకొకటి. పి విలువ గురించి ఇప్పటిదాకా చెప్పిన మాటలన్నీ నమూనాను యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే చెల్లుతాయి. మూడో అధ్యాయంలో ‘స్తరీకృత యాదృచ్ఛిక ప్రతిచయనం’ (జనాభాను వర్గాలుగా విడగొట్టి, ఒక్కో వర్గం నుంచి యాదృచ్ఛికంగా ఎంచుకోవడం) అని రాసి ఉంటుంది. వాస్తవంలో ప్రధానోపాధ్యాయులు అనుమతి ఇచ్చిన బడులు, మన ఇంటి నుంచి బస్సు లేదా మెట్రో దొరికే బడులు, అందులోనూ ఆ రోజు హాజరైన పిల్లలు ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల అయిదు ప్రైవేటు బడులు చూసి తెలంగాణ తొమ్మిదో తరగతి పిల్లల గురించి మాట్లాడటం ఎంతవరకు సబబు? పాతబస్తీలోని ఉర్దూ మాధ్యమ బడి పిల్లలూ, గురుకుల విద్యాలయాల్లో ఉండి చదివే పిల్లలూ ఆ లెక్కలో లేరు. అనుకూల నమూనాతో పనిచేయడం నేరం కాదు. దానికి లేని పేరు పెట్టడమే ఇబ్బంది.

గుణకం కూడా తనంతట తాను నమ్మదగిన వస్తువేమీ కాదు. గాల్టన్ 1888లో ప్రతిపాదించి, కార్ల్ పియర్సన్ 1890లలో సూత్రబద్ధం చేసిన ఈ గుణకం సరళరేఖలో నడిచే సంబంధాన్ని మాత్రమే కొలుస్తుంది. ఒక స్థాయి వరకు మార్కులు పెరిగి, ఆ పైన తగ్గే చరం ఏదైనా ఉంటే గుణకం సున్నాకు దగ్గరగా రావచ్చు. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో పదకొండేసి బిందువులున్న నాలుగు దత్తాంశాలు తయారుచేశారు. నాలుగింటికీ సగటులు దాదాపు ఒకటే, గుణకం 0.816. గ్రాఫు గీస్తే మాత్రం ఒకటి మామూలు చెదురుమదురు రేఖ, ఒకటి వంపు, ఒకటి ఒక్క బిందువు తప్ప మిగతాదంతా కచ్చితమైన సరళరేఖ, నాలుగోదానిలో ఒకే ఒక్క బిందువు సంబంధాన్నంతా మోస్తోంది. సిద్ధాంత వ్యాసానికి యాభై పట్టికలు జోడించే వాళ్లు ఒక్క విక్షేప చిత్రమైనా (ఒక్కో పిల్లవాణ్ణి ఒక్కో బిందువుగా చూపే గ్రాఫు) జోడించకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

మన నగరానికి బాగా వర్తించే మరో సంగతి పరిధి కుదింపు. కార్పొరేట్ కళాశాలల్లో ఇంటర్మీడియట్ పిల్లలను ప్రవేశ పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లుగా విడగొడతారు. పై సెక్షన్‌లోకి వెళ్లి అక్కడి పిల్లల ప్రవేశ పరీక్ష మార్కులకూ, ఏడాది చివరి మార్కులకూ సహసంబంధం లెక్కిస్తే అది చాలా తక్కువగా వస్తుంది. ప్రవేశ పరీక్షకు భవిష్యత్తును సూచించే శక్తి లేదని దాని అర్థం కాదు. ఆ పరీక్షలో తేడా ఉన్న పిల్లలను ముందే వేరుచేసి, ఒకేలా ఉన్నవారిని మాత్రమే మిగిల్చారు. కొలతల్లోని లోపం కూడా గుణకాన్ని ఇలాగే తగ్గిస్తుంది. స్పియర్‌మన్ 1904లోనే దీనికి సూత్రం ఇచ్చారు. మన ప్రశ్నావళి విశ్వసనీయత (మళ్లీ కొలిచినా అదే ఫలితం ఇచ్చే నిలకడ) 0.7, సాధన పరీక్ష విశ్వసనీయత 0.8 అయితే, అసలు సంబంధం 0.50 ఉన్నా మనకు కనిపించేది 0.37 మాత్రమే. స్నేహితుడి వ్యాసంలోంచి తెచ్చుకున్న ప్రశ్నావళిని విశ్వసనీయత చూడకుండా వాడే వారు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

సమూహాల సగటులతో లెక్కించిన గుణకం వ్యక్తులకు అన్వయించదన్నది కూడా తెలిసిన విషయమే. 1930 నాటి అమెరికా జనగణన అంకెలతో రాబిన్సన్ 1950లో చూపించారు: విదేశాల్లో పుట్టడానికీ నిరక్షరాస్యతకూ వ్యక్తుల స్థాయిలో గుణకం ప్లస్ 0.118, అదే రాష్ట్రాల సగటులతో లెక్కిస్తే మైనస్ 0.526. గుర్తే తిరగబడింది. జిల్లాలవారీ ఉత్తీర్ణత శాతాలు తీసుకుని విద్యార్థి గురించి తీర్మానాలు చేసేముందు దీన్ని ఒకసారి తలచుకోండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ప్రైవేటు బడి పిల్లలకు ప్రభుత్వ బడి పిల్లలకన్నా సగటున మార్కులు ఎక్కువ వస్తాయన్నది ఈ హాలులో అందరూ చూసిన వాస్తవం. ఎంత పెద్ద నమూనా తీసినా ఆ తేడా కనిపిస్తుంది, ఎంత కఠినమైన స్థాయి పెట్టినా సార్థకంగానే తేలుతుంది. అయితే పిల్లవాణ్ణి ప్రైవేటు బడికి పంపాలని నిర్ణయించింది ఎవరు? ఆ తల్లిదండ్రులే. వారి ఆదాయం, వారి చదువు, సాయంత్రం ట్యూషన్, పిల్లవాడి చురుకుదనం మీద వారికున్న అంచనా, ఇవన్నీ ఆ నిర్ణయంలో కలిసి ఉన్నాయి. మార్కుల్లోని తేడా బడిదా, ఇంటిదా? బహుచర ప్రతిగమనంలో (అనేక కారణాలను ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతి) ఆదాయాన్నీ తల్లి చదువునూ అదుపు చేశామని మీరు చెప్పవచ్చు. కొలిచినవాటిని అదుపు చేయగలం. తల్లిదండ్రుల పట్టుదలను ఏ ప్రశ్నావళితో కొలుస్తాం?

దీనికి జవాబు మన గడ్డ మీదే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో జరిగిన ప్రయోగం ఫలితాలను కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించారు. ప్రభుత్వ బడి పిల్లలు ప్రైవేటు బడిలో చదువుకోవడానికి ఫీజు వోచర్లు ఇస్తామని చెప్పి, ముందు అన్ని గ్రామాల్లోనూ ఆసక్తి ఉన్న తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. ఆ తరువాత లాటరీ ద్వారా ఏ గ్రామాల్లో పథకం అమలవుతుందో తేల్చారు. ఆ గ్రామాల్లో దరఖాస్తు చేసుకున్నవారి మధ్య మళ్లీ లాటరీ తీసి వోచర్లు ఇచ్చారు. ఈ రెండంచెల పద్ధతి ఎందుకో గమనించండి. వోచరు గెలిచినవారినీ గెలవనివారినీ పోల్చవచ్చు. అంతేకాక, కొందరు పిల్లలు వెళ్లిపోయిన తరువాత వెనక ప్రభుత్వ బడిలో మిగిలినవారికీ, ముందు నుంచీ ప్రైవేటు బడిలో ఉన్నవారికీ ఏమైందో, పథకం లేని గ్రామాల్లోని అలాంటి పిల్లలతోనే పోల్చవచ్చు. ప్రశ్నను ముందే ఆలోచించి గ్రామాల లాటరీ పెట్టకపోతే, ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఉన్నా తరువాత ఈ జవాబు రాదు.

రెండేళ్ల తరువాతా, నాలుగేళ్ల తరువాతా తెలుగు, గణితం పరీక్షల్లో వోచరు గెలిచిన పిల్లలకూ ఓడిన పిల్లలకూ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం గెలిచినవారు స్పష్టంగా ముందున్నారు. కథ అంతటితో ఆగలేదు. ప్రైవేటు బడుల సమయ పట్టికలు చూస్తే అక్కడ తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం ఇచ్చి, ఇంగ్లీషు, హిందీ వంటి వాటికి ఎక్కువ ఇస్తున్నారని తేలింది. ఒక్కో పిల్లవాడి మీద ఆ బడుల ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. అంటే తెలుగు, గణితంలో ఫలితం సమానం, సమయం తక్కువ, ఖర్చు తక్కువ. ప్రైవేటు బడి మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం కావాలన్నవారికి ఇది నిరాశ కలిగిస్తుంది. పరతంత్ర చరాన్ని (ఫలితంగా కొలిచేదాన్ని) గణితం మార్కులకే పరిమితం చేస్తే ఒక నిర్ణయం, హిందీని చేర్చితే ఇంకొకటి, ఖర్చును చేర్చితే మరొకటి. ఏం కొలవాలన్నది కూడా రూపకల్పనలో భాగమేనని నేను దీన్నుంచి నేర్చుకున్నాను. వోచరు వచ్చినా బడి మారని పిల్లలు ఉన్నారు. వారిని కూడా గెలిచినవారి జాబితాలోనే ఉంచి పోల్చారు. వారిని తీసేసి ఉంటే లాటరీ ఇచ్చిన సమానత్వం అక్కడే చెడిపోయేది.

లాటరీకి ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఫిషరే వివరించారు. ఆయన 1919 నుంచి ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశారు. పొలంలో ఏ మడి సారవంతమో ముందు తెలియదు గనుక ఏ ఎరువు ఏ మడికన్నది యాదృచ్ఛికంగా కేటాయించాలన్నారు. 1935లో ప్రయోగాల రూపకల్పన మీద ఆయన రాసిన పుస్తకంలో టీ తాగే మహిళ ఉదాహరణ ఉంది. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంటుంది ఆమె. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు మరో రకం, వరుస యాదృచ్ఛికం. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచుకునే విధాలు డెబ్బై. కేవలం ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం డెబ్బైలో ఒకటి. ఈ డెబ్బై ఏ పట్టికలోంచీ రాలేదు, ఏ సాధారణ వక్రం మీదా ఆధారపడలేదు. కప్పులను యాదృచ్ఛికంగా అమర్చడం వల్ల మాత్రమే వచ్చింది. ప్రయోగంలో పి విలువకు అర్థం ఇచ్చేది మనం స్వయంగా చేసిన ఆ అమరికే. అమరిక లేనప్పుడు కంప్యూటరు చూపే అంకె రూపంలో అదే అయినా, దాని వెనక నిలబడే హామీ ఉండదు.

ఫిషర్ 1938లో కలకత్తా వచ్చి, భారత గణాంక శాస్త్ర సదస్సులో మాట్లాడుతూ, ప్రయోగం అయిపోయాక గణాంక నిపుణుణ్ణి సంప్రదించడం చాలాసార్లు శవపరీక్ష చేయించడం లాంటిదన్నారు. ప్రయోగం దేనివల్ల చనిపోయిందో మాత్రం అతను చెప్పగలడట. ఫిషర్ పర్యవేక్షణలో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందిన సి. ఆర్. రావు మన తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. ఆయన 2023 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన పేరిట నెలకొన్న గణిత, గణాంక శాస్త్రాల సంస్థ ఇక్కడే గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. మన విద్యాశాస్త్ర విద్యార్థులు సినాప్సిస్ దశలో గణాంక నిపుణుల గడప తొక్కడం మాత్రం అరుదు. దత్తాంశమంతా ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించిన తరువాత, ‘ఏ పరీక్ష వాడాలి సార్’ అని వెళతారు.

ఇప్పుడు మనం మామూలుగా చేసే ప్రయోగాలను చూద్దాం. అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఒకే సమూహానికి పూర్వ పరీక్ష, బోధన, ఉత్తర పరీక్ష అన్న రూపం. క్యాంప్‌బెల్, స్టాన్లీ 1963లోనే దీని బలహీనతలను వరసపెట్టి చెప్పారు: ఆ మధ్య కాలంలో పిల్లలు సహజంగానే ఎదుగుతారు, బడిలో ఇంకేవో జరుగుతాయి, పూర్వ పరీక్ష రాసిన అనుభవమే రెండోసారి ఉపయోగపడుతుంది. మన బడుల్లో ఒక ఎఫ్‌ఏకూ (మధ్యమధ్య జరిగే మూల్యాంకనం) ఎస్‌ఏకూ (టర్ము చివరి పరీక్ష) మధ్య రెండు నెలల్లో ఎలాగూ పాఠాలు జరుగుతాయి, ట్యూషన్లు జరుగుతాయి. వీటన్నింటికన్నా కంటికి కనిపించని ప్రమాదం సగటు వైపు తిరోగమనం, అంటే మొదటిసారి బాగా దూరంగా ఉన్నవారు రెండోసారి సగటుకు దగ్గరవడం. వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులన్న అంశం తీసుకుని, పూర్వ పరీక్షలో అట్టడుగున ఉన్న ముప్పై మందిని ఎంచుకున్నారనుకోండి. వారి సగటు, తరగతి సగటు కన్నా ఒకటిన్నర ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కింద ఉంది. రెండు పరీక్షల మధ్య సహసంబంధం 0.6. ఏ ప్రత్యేక బోధనా జరగకపోయినా రెండో పరీక్షలో వారు ఒకటిన్నరను 0.6తో గుణిస్తే వచ్చే 0.9 విచలనాల కింద మాత్రమే ఉంటారని ఆశించాలి. అంటే 0.6 ప్రామాణిక విచలనాల ‘పెరుగుదల’ ఉచితంగా వస్తుంది. ఆ రోజు జ్వరంతో రాసినవాడు, ఊహించి రాసిన జవాబులు తప్పిపోయినవాడు అట్టడుగు జాబితాలో ఉంటాడు, రెండోసారి తన మామూలు స్థాయికి వస్తాడు. నియంత్రిత సమూహం (పోల్చడానికి, కొత్త బోధన ఇవ్వకుండా ఉంచినవారు) లేకుండా జత టి పరీక్ష (అదే పిల్లల రెండు సగటులను పోల్చే గణాంక పరీక్ష) చేస్తే ఇది 0.01 స్థాయిలో సార్థకమై కూర్చుంటుంది, కొత్త పద్ధతి విజయవంతమైందని పత్రిక వెలువడుతుంది. ఇంతటి ప్రభావం నిజంగా తెచ్చిన విద్యా పథకాలు ప్రపంచంలోనే తక్కువ. టెనెసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్లు 79 బడుల్లో చిన్న తరగతుల మీద జరిగిన పెద్ద ప్రయోగంలో కనిపించిన లాభం సుమారు 0.2 విచలనాలు.

నియంత్రిత సమూహం పెట్టినవారు ఏం చేస్తున్నారంటే, ఒక బడిలో ‘ఎ’ సెక్షన్‌ను ప్రయోగ సమూహమనీ, ‘బి’ సెక్షన్‌ను నియంత్రిత సమూహమనీ అంటున్నారు. ఒక్కో సెక్షన్‌లో నలభై మంది, కాబట్టి ఎనభై మంది మీద టి పరీక్ష, స్వతంత్రాంశాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) డెబ్బై ఎనిమిది అని రాస్తున్నారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. అది ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికింది కనుక చాలు. అదే కారణం వల్ల ఆ గిన్నెలోంచి నలభై మెతుకులు పట్టి చూసినా రెండో గిన్నె గురించి ఏమీ తెలియదు. ఒక సెక్షన్ పిల్లలు ఒకే ఉపాధ్యాయురాలి దగ్గర, ఒకే గదిలో, ఒకే సమయ పట్టికతో చదువుతారు. వారి మార్కులు ఒకదానికొకటి స్వతంత్రం కావు. నలభైమంది చొప్పున పది తరగతుల నుంచి నాలుగు వందల మందిని తీసుకున్నప్పుడు, తరగతిలోపలి సహసంబంధం (ఒకే తరగతి పిల్లల మార్కులు ఎంతగా ఒకేలా ఉంటాయో చెప్పే అంకె) 0.2 అయితే, ఆ నాలుగు వందల మంది ఇచ్చే సమాచారం దాదాపు నలభై అయిదుమంది స్వతంత్రంగా ఎంపికైన పిల్లలు ఇచ్చే సమాచారంతో సమానం. ఇక రెండే సెక్షన్లు ఉంటే, పద్ధతి ప్రభావాన్నీ ఆ ఇద్దరు ఉపాధ్యాయుల మధ్య తేడానూ విడదీసే మార్గమే లేదు. లిండ్‌క్విస్ట్ 1940లోనే ఈ హెచ్చరిక చేశారు.

ఉపాధ్యాయులకు పనితీరును బట్టి బోనస్ ఇచ్చిన ప్రయోగాన్ని వోచర్ల ప్రయోగం చేసిన మురళీధరన్, సుందరరామన్‌లే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసినప్పుడు లాటరీ బడుల మధ్య తీశారు. మొత్తం అధ్యయనంలో 500 బడులున్నాయి. రెండేళ్ల తరువాత బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 విచలనాలు ముందున్నారని 2011లో ప్రచురించారు. పిల్లలు వేలల్లో ఉన్నా, ప్రామాణిక దోషాన్ని (అంచనాలోని అనిశ్చితిని) బడి ప్రమాణంగా లెక్కించవలసి వచ్చింది, ఎందుకంటే లాటరీ తగిలింది బడికి.

మరో రెండు విషయాలు క్లుప్తంగా చెబుతాను. ప్రయోగ సమూహానికి పరిశోధకురాలు స్వయంగా, ఉత్సాహంగా, చార్టులతో బోధించి, నియంత్రిత సమూహాన్ని అలసిపోయిన మామూలు ఉపాధ్యాయుడికి వదిలేస్తే పోల్చింది పద్ధతులను కాదు, మనుషులను. ఉత్తర పరీక్షను కూడా ఆమే తయారుచేసి, తాను బోధించిన నమూనాలోనే ప్రశ్నలిస్తే ఫలితం ముందే తెలిసిపోయింది. రెండోది, మధ్యలో మానేసినవారి లెక్క. ప్రయోగ సమూహంలో కష్టమనిపించి తప్పుకున్న ఆరుగురిని ‘అసంపూర్ణ దత్తాంశం’ అని తీసేస్తే మిగిలినవారి సగటు పెరగక ఏమవుతుంది?

ఇవన్నీ విన్నాక, ఒక బడి, మూడు నెలల గడువు, సొంత ఖర్చు ఉన్న ఎం.ఎడ్. విద్యార్థి ఏం చేయాలని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మీ అంశం ఒక్కో పిల్లవాడికి విడిగా ఇవ్వగలిగినదైతే, ఉదాహరణకు రెండు రకాల ఇంటిపని, రెండు రకాల అభ్యాస పత్రాలు, తప్పులు దిద్దే రెండు విధానాలు, అప్పుడు సెక్షన్లను పోల్చకండి. ఒకే తరగతిలో పిల్లల మధ్య లాటరీ తీయండి. ఉపాధ్యాయురాలు ఇద్దరికీ ఒకరే కనుక ఆమె ప్రభావం రెండు వైపులా సమానం. బోధన పద్ధతే మీ అంశమైతే, నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఎనిమిది, పది బడుల్లో ఒకే ప్రయోగం చేసి, ఒక్కొక్కరు ఒక్కో ఉపప్రశ్న మీద వ్యాసం రాసే ఏర్పాటుకు విభాగాలు అనుమతించాలి. ఇక్కడున్న ఆచార్యులకు నా విన్నపం ఇదొక్కటే. నలభై మందితో విడివిడిగా చేసిన పది బలహీన అధ్యయనాలకన్నా అది మేలు.

పిల్లల సంఖ్య గురించి కూడా ముందే లెక్క వేసుకోండి. వ్యక్తుల మధ్య లాటరీ తీసినప్పుడు, 0.5 విచలనాల తేడాను 80 శాతం శక్తితో (నిజంగా తేడా ఉంటే నూటికి ఎనభై సార్లు సార్థకంగా తేలేలా) పట్టుకోవడానికి ఒక్కో సమూహానికి 64 మంది కావాలి. 0.2 విచలనాలైతే ఒక్కో వైపు నాలుగు వందలకు కొద్దిగా తక్కువ. మనకు అంతమంది దొరకరు. అలాంటప్పుడు పూర్వ పరీక్షను మానేయకండి. పూర్వ, ఉత్తర పరీక్షల మధ్య సహసంబంధం 0.7 ఉంటే, సహవిచరణ విశ్లేషణలో (పూర్వ పరీక్ష తేడాలను సర్ది సమూహాలను పోల్చే పద్ధతి) దాన్ని వాడినప్పుడు మార్కుల్లో వివరణ లేని వైవిధ్యం దాదాపు సగానికి తగ్గుతుంది. ఈ చర్చలో సహసంబంధానికి దొరికిన అతి ఉపయోగకరమైన ఉద్యోగం బహుశా ఇదే. కారణాలు చెప్పమంటే తడబడే గుణకం, ప్రయోగంలో మసకను తుడవడానికి చక్కగా పనికొస్తుంది.

తల్లిదండ్రులు మా పిల్లవాడికి ఎందుకివ్వలేదని అడుగుతారన్న భయం ఉంటే, రెండో సమూహానికి అదే సామగ్రిని ప్రయోగం ముగిశాక అందిస్తామని మొదటే లిఖితపూర్వకంగా చెప్పండి, చెప్పినట్టు ఇవ్వండి. ప్రధాన ఫలితంగా దేన్ని చూస్తారో, ఏ పరీక్షతో, ఏ తేదీ నాటికో ఒక కాగితం మీద రాసి, దత్తాంశం రాకముందే పర్యవేక్షకుల సంతకం తీసుకోండి. లాటరీని ప్రధానోపాధ్యాయుల ముందు, పిల్లల ఎదుటే చిట్టీలతో తీయండి. వారికి అర్థమయ్యేదీ, నమ్మకం కలిగేదీ అదే. ఏ చిట్టీ ఎవరికి వచ్చిందో ఆ జాబితాను, మానేసినవారి పేర్లకు బదులు వరుస సంఖ్యలతో సహా, అనుబంధంలో చేర్చండి. పరీక్షకుడు మొదట తిప్పి చూడవలసిన పేజీ అదే.